తెల్లవారితే గురువారం: వీసా ఇంటర్వ్యూ ముందు దొరకని కాగితాలు

ప్రశ్న: నా వయసు ముప్పై ఏళ్లు. మాది ఖమ్మం. 2023 ఫిబ్రవరిలో నా వివాహం జరిగింది. నా భర్త అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువారు, టెక్సస్‌లో ఉద్యోగం చేస్తున్నారు. భార్యగా నన్ను అక్కడికి తీసుకువెళ్లడానికి ఆయన వేసిన ఐ-130 పిటిషన్‌కు ఆమోదం వచ్చింది. ఇంటర్వ్యూకు ముందు పత్రాలు సేకరించే అమెరికా కార్యాలయం నేషనల్ వీసా సెంటర్ కూడా మా పత్రాలు సరిపోయాయని తెలిపింది. ఐదు వారాల్లో ముంబై కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ ఉంది. ఇప్పుడు ఫైలు సర్దుకుంటుంటే లోపాలు ఒక్కొక్కటిగా కనబడుతున్నాయి. నేను 1995లో కుక్కునూరు మండలంలోని మా అమ్మమ్మగారి ఊళ్లో పుట్టాను. జనన ధ్రువపత్రం ఉంది కాని అందులో నా పేరు రాయవలసిన గడి ఖాళీగా ఉంది, ‘ఆడ’ అని మాత్రమే ఉంది. పెళ్లికి ముందు ఎంఎస్సీ కోసం ఇంగ్లండులో పందొమ్మిది నెలలు ఉన్నాను. ఎప్పుడో తిరిగి వచ్చేశాను కాబట్టి అక్కడి పోలీసు సర్టిఫికెట్ అవసరం లేదనుకుని తీసుకోలేదు. ఇక్కడ తీసుకున్న పోలీసు క్లియరెన్స్‌కు ఇంటర్వ్యూ నాటికి రెండేళ్లు దాటిపోతాయి. వీటికి తోడు, మా వారు పిటిషన్‌లో వివాహ తేదీ 22 అని రాశారు, సబ్ రిజిస్ట్రారు ఇచ్చిన వివాహ ధ్రువపత్రంలో 23 అని ఉంది. ఇవన్నీ పాత తేదీలతో సరిచేయించి ఇచ్చే మనిషి ఒకాయన ఉన్నాడని మా బంధువులు చెబుతున్నారు. ఇంటర్వ్యూ వాయిదా వేసుకోవాలా? ఏది ముందు చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందుగా ఆ మనిషి సంగతి. ఆయన దగ్గరకు వెళ్లకండి. మీరు రాసిన నాలుగు లోపాల్లో వీసాను శాశ్వతంగా అడ్డుకునేది ఒక్కటీ లేదు. అడ్డుకోగలిగింది ఆయన ఇచ్చే కాగితమే. అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలో 212(ఎ)(6)(సి) అనే నిబంధన ఉంది. తప్పుడు పత్రంతోగాని, తెలిసి చెప్పిన అబద్ధంతోగాని వీసా పొందడానికి ప్రయత్నించారని అధికారి నిర్ధారిస్తే ఆ వ్యక్తికి జీవితకాలం ప్రవేశం నిరాకరించడానికి ఆ నిబంధన వీలిస్తుంది. మినహాయింపు కోరుకునే దారి లేకపోలేదు కాని అది వేరే పిటిషన్, వేరే ఖర్చు, వేరే నిరీక్షణ. పత్రం తక్కువైతే మాత్రం అధికారి 221(జి) కింద నిర్ణయం నిలిపి, ఏమేం తేవాలో రాసిన కాగితం మీ చేతికిస్తారు. ఆ రోజుకు సాంకేతికంగా అది తిరస్కరణే అయినా, అడిగినవి ఏడాదిలోగా అందజేస్తే కొత్త ఫీజు, కొత్త దరఖాస్తు లేకుండా అదే కేసు మళ్లీ నడుస్తుంది. ఈ రెండింటికీ ఉన్న తేడా మీ బంధువులకు కూడా చెప్పండి.

పత్రాలు సరిపోయాయని నేషనల్ వీసా సెంటర్ చెప్పిన మాటకు మీరు ఇచ్చుకున్నంత అర్థం లేదు. అడిగిన రకం కాగితం ఒకటి అప్‌లోడ్ అయిందని మాత్రమే దాని తాత్పర్యం. ఆ కాగితాన్ని చదివి తృప్తి పడవలసింది ముంబైలో మీకు ఎదురుగా కూర్చునే కాన్సులర్ అధికారి. అందుకే అప్‌లోడ్ చేసిన ప్రతిదాని అసలు ప్రతినీ, దానితోపాటు ఒక నకలునూ తీసుకువెళ్లాలి. గెజిటెడ్ అధికారి సంతకం చేసిన జిరాక్సు మన ఊళ్లో పనులకు సరిపోతుందేమో కాని అక్కడ అసలు ప్రతికి ప్రత్యామ్నాయం కాదు.

ఇక పనుల వరుస. ఇంగ్లండు పోలీసు సర్టిఫికెట్‌కు ఈ ఉత్తరం చదివిన రోజే దరఖాస్తు చేయండి, ఎందుకంటే ఈ నాలుగింటిలో పరాయి దేశం నుంచి రావలసింది అదొక్కటే, దాన్ని త్వరపెట్టడం మీ చేతిలో ఉండదు. పదహారేళ్లు నిండిన తరువాత, సొంత దేశం కాని ఏ దేశంలోనైనా పన్నెండు నెలలు లేదా అంతకంటే ఎక్కువ కాలం నివసించినవారు, తిరిగి వచ్చి ఎన్నేళ్లయినా సరే, ఆ దేశపు పోలీసు సర్టిఫికెట్ ఇవ్వాలి. మీ పందొమ్మిది నెలలు ఆ లెక్కలోకి వస్తాయి. బ్రిటన్‌లో దీన్ని ఏక్రో అనే కార్యాలయం ఇస్తుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే చేయవచ్చు. సాధారణ సేవ, రుసుము ఎక్కువగా ఉండే ప్రీమియం సేవ అని రెండు రకాలున్నాయి. మీకున్న వ్యవధికి ప్రీమియం ఎంచుకోవడమే మంచిది. అక్కడ చదువుకునే రోజుల్లో మారిన అద్దె ఇళ్ల చిరునామాలు, పోస్ట్‌కోడ్‌లతో సహా, ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఒక ఊరట ఏమిటంటే, సర్టిఫికెట్ వచ్చిన తరువాత మీరు మళ్లీ ఆ దేశం వెళ్లనంతవరకు దానికి గడువు తీరడమంటూ ఉండదు.

మన దేశపు పోలీసు క్లియరెన్స్ సంగతి అలా కాదు. మీరు ఇక్కడే నివసిస్తున్నారు కాబట్టి రెండేళ్లు దాటితే కొత్తది తీసుకోవలసిందే. పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేసి, 500 రూపాయల రుసుము చెల్లించి, సేవా కేంద్రానికి వెళ్లిరావడమే పని. పెళ్లి తరువాత మీరు వేరే చిరునామాకు మారి, పాస్‌పోర్టులో పుట్టింటి చిరునామాయే ఉండిపోయినట్లయితే స్థానిక పోలీసుల విచారణకు కొన్ని రోజులు అదనంగా పట్టవచ్చు. విచారణకు వచ్చిన రోజున ఇంట్లో ఎవరూ లేకపోతే ఆ ఫైలు పక్కకు పోతుంది, కనుక విచారణ ముగిసేవరకు ఊరు విడిచి వెళ్లకుండా చూసుకోండి.

జనన ధ్రువపత్రం విషయంలో మీరు పడుతున్న కంగారు అనవసరం. మన పద్ధతి, చట్టం గడువు ఒకదానితో ఒకటి పొసగకపోవడం వల్ల వచ్చిన ఖాళీ అది. పుట్టిన 21 రోజుల్లో జననాన్ని నమోదు చేయించాలని నిబంధన చెబుతుంది. మన ఇళ్లలో బారసాల చాలామందికి ఆ ఇరవై ఒకటో రోజునే జరుగుతుంది, కొందరికి ఇంకా ఆలస్యమవుతుంది. పంచాయతీ వారు వచ్చి రిజిస్టరులో రాసుకునే నాటికి పిల్లకు పేరే ఉండదు. తొలి కాన్పు పుట్టింట్లో కాబట్టి బాలింత అత్తవారింటికి వెళ్లిపోయాక ఆ రిజిస్టరు సంగతి ఎవరికీ గుర్తుండదు. ఇలాంటి ఖాళీలు ఉంటాయని ఊహించే 1969 నాటి జనన మరణ నమోదు చట్టంలోని 14వ సెక్షను, పేరు లేకుండా నమోదైన శిశువు పేరును తరువాత చేర్చుకునే అవకాశం కల్పించింది. మీ అమ్మమ్మగారి ఊరు అప్పట్లో ఖమ్మం జిల్లాలో ఉన్నా, 2014 విభజన సమయంలో ఆ మండలం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లింది. రిజిస్టరు ఆ ఊళ్లోనే ఉంటుంది కాబట్టి ఖమ్మంలో తిరిగి ప్రయోజనం లేదు. పదవ తరగతి సర్టిఫికెట్టు, తల్లిదండ్రుల గుర్తింపు పత్రాలు తీసుకుని నేరుగా ఆ పంచాయతీ కార్యాలయానికి వెళ్లి, జనన నమోదు బాధ్యత చూసే అధికారిని పేరు చేర్చమని లిఖితపూర్వకంగా కోరండి, అందినట్లు సంతకం తీసుకోండి. ఇన్నేళ్ల పాత నమోదులో పేరు చేర్చడానికి పై అధికారి అనుమతి కావాలంటే ఆ మాట కూడా రాతలోనే ఇవ్వమనండి.

ఇంటర్వ్యూ లోపల పని పూర్తి కాకపోతే ఉన్న పత్రాన్ని ఉన్నట్టే తీసుకువెళ్లండి. దానికి జోడుగా పదవ తరగతి సర్టిఫికెట్టు, మీ అమ్మగారు, పెద్ద మేనమామ వంటి దగ్గరి పెద్దవారు ఫలానా తేదీన, ఫలానా ఊళ్లో, ఫలానా దంపతులకు పుట్టిన ఆడపిల్ల మీరేనని ప్రమాణం చేసి ఇచ్చిన అఫిడవిట్లు పెట్టండి. తండ్రిగారి పేరు రిజిస్టరులో ఇంటిపేరు మొదటి అక్షరంతో, మీ పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరుతో ఉన్నట్లయితే ఆ రెండూ ఒకరి పేర్లేనన్న వాక్యం కూడా అందులోనే చేర్చండి. మీ పుట్టిన తేదీ రెండు చోట్లా ఒక్కటే కావడం అదృష్టం. మన తరంలో చాలామందికి బడిలో చేర్చుకున్న మాస్టారు వేసిన జూన్ తేదీయే పుట్టినరోజై కూర్చుంది, వారి కథ ఇంతకంటే పెద్దది. ఒక్క హెచ్చరిక: అసలు నమోదు కాలేదని చెప్పి ఆలస్య నమోదు కింద కొత్త ధ్రువపత్రం తీసుకుందామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఒకే జననానికి రెండు నమోదులు ఉండటం ఖాళీ గడికన్నా చాలా అనుమానాస్పదంగా కనిపిస్తుంది. ఆలస్య నమోదు, నమోదు కాలేదని ఇచ్చే ధ్రువపత్రం అనేవి రిజిస్టరులో నిజంగానే లేనివారికి.

మిగిలింది 22, 23ల తగాదా. మీ ఉత్తరంతోపాటు పంపిన శుభలేఖ నకలు చూశాను. ‘2023 ఫిబ్రవరి 22 బుధవారం రాత్రి గం. 2.37 ని.లకు (తెల్లవారితే గురువారం)’ అని ఉంది. తెలుగువారిలో దీన్ని వివరించవలసిన అవసరం ఎవరికీ రాదు. మనకు సూర్యోదయంతో రోజు మారుతుంది కాబట్టి అర్ధరాత్రి దాటిన ముహూర్తం ఇంకా బుధవారానిదే. కాన్సులేట్ గడియారం అర్ధరాత్రి పన్నెండుకే తేదీ మారుస్తుంది కాబట్టి మీ మెడలో తాళి పడింది 23వ తేదీ, గురువారం. సబ్ రిజిస్ట్రారు సరిగానే రాశారు. మీ వారు శుభలేఖ చూసి రాశారు. ఎవరి తప్పూ లేదు, కాని మీ వీసా దరఖాస్తు అయిన డీఎస్-260 ఫారంలో, ఇంటర్వ్యూలో, ధ్రువపత్రంలో 23 మాత్రమే ఉండాలి. ఫారంలో కూడా 22 అని ఇచ్చి ఉంటే, సమర్పించిన తరువాత మీ అంతట మీరు మార్చలేరు. ఇంటర్వ్యూ మొదలు కాగానే, అధికారి అడగకముందే, ఫలానా చోట తేదీ సరిచేయాలని చెప్పండి. దంపతులిద్దరూ వేర్వేరు తేదీలు చెప్పడం బూటకపు వివాహాలను పట్టుకునే మొదటి ఆనవాళ్లలో ఒకటి. అదే ముందుగా మీరే చెప్పిన తేడాకు ఆ బరువు ఉండదు. శుభలేఖకు ఇంగ్లిషు అనువాదం చేయించండి. అనువాదకుడు తనకు రెండు భాషలూ వచ్చుననీ, అనువాదం యథాతథమనీ కింద రాసి సంతకం చేయాలి. ఆ కుండలీకరణంలోని రెండు మాటలను వదిలేయకుండా చూసుకోండి, మీకు పనికివచ్చేది అవే. పెళ్లి ఆల్బంలో జీలకర్ర బెల్లం, తలంబ్రాల ఫొటోలు నాలుగైదు చాలు, మొత్తం ఆల్బం మోసుకుపోనక్కరలేదు. వాటితోపాటు పెళ్లి తరువాత ఆయన వచ్చివెళ్లిన ప్రయాణ టిక్కెట్లు, పంపిన డబ్బు వివరాలు, ఇద్దరి మధ్య నడిచిన సంభాషణల నమూనాలు కొన్ని ఉంచుకోండి.

వాయిదా వద్దు. ఇంగ్లండు సర్టిఫికెట్ రాకపోయినా దరఖాస్తు రసీదు పట్టుకుని వెళ్లండి. ఇంటర్వ్యూ జరిగిపోతే, తరువాత ఆ ఒక్క కాగితం అందజేయడంతో సరిపోతుంది. వాయిదా వేస్తే మళ్లీ ఎప్పుడు తేదీ దొరుకుతుందో చెప్పలేం. వైద్య పరీక్ష గడువు మాత్రం గమనించండి. కాన్సులేట్ గుర్తించిన ప్యానెల్ డాక్టరు ఇచ్చిన నివేదిక మామూలుగా ఆరు నెలలకు మించి చెల్లదు, వీసా గడువు కూడా దానికే ముడిపడి ఉంటుంది. కాబట్టి 221(జి) తరువాత ఆలస్యం సాగితే ఆ పరీక్షలు మళ్లీ చేయించుకోవలసి రావచ్చు. మీ ఆలస్యంలో ఒక లాభం కూడా ఉంది. వివాహమై రెండేళ్లు దాటాక అమెరికాలో అడుగు పెడుతున్నారు కనుక మీకు రెండేళ్ల షరతుల గ్రీన్‌కార్డు కాక పదేళ్ల కార్డే వస్తుంది, షరతులు తొలగించమని తరువాత మరో దరఖాస్తు పెట్టే పని ఉండదు.

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర పల్లె. నా మొదటి పెళ్లి 2014లో జరిగింది, రెండేళ్లకే విడిపోయాం. ఊరి పెద్దమనుషుల సమక్షంలో వంద రూపాయల స్టాంపు పేపరు మీద విడాకులు రాసుకుని ఇద్దరం సంతకాలు పెట్టాం. 2022లో అమెరికా పౌరురాలైన అమ్మాయిని హిందూ పద్ధతిలో వివాహం చేసుకున్నాను, రిజిస్ట్రేషన్ కూడా అయింది. రెండు నెలల్లో ఇంటర్వ్యూ. విడాకుల డిక్రీ తెమ్మంటున్నారు. ఆ స్టాంపు పేపరును నోటరీ చేయించి, ఇంగ్లిషులోకి మార్పించి ఇస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, జగిత్యాల జిల్లా

జవాబు: సరిపోదు. కటువుగా చెబుతున్నందుకు మన్నించండి. మీ దగ్గర లేనిది కాగితం కాదు, విడాకులు. హిందూ వివాహ చట్టం ప్రకారం విడాకులు ఇచ్చే అధికారం కోర్టుదే. పెద్దమనుషులు రాయించిన కాగితం మీరిద్దరూ విడిగా ఉంటున్నారని చెప్పగలదు కాని వివాహాన్ని రద్దు చేయలేదు. మొదటి వివాహం అమల్లో ఉండగా చేసుకున్న రెండో వివాహం అదే చట్టంలోని 5, 11 సెక్షన్ల ప్రకారం చెల్లదు. కులాచారం ప్రకారం జరిగే విడాకులను 29వ సెక్షను కాపాడుతుంది, నిజమే. కాని మీ సమాజంలో అలాంటి ఆచారం చిరకాలంగా ఉందని రుజువులతో నిరూపించి, కోర్టు చేత ఆ మేరకు డిక్రీ పొందినప్పుడే ఆ వాదనకు బలం వస్తుంది. స్టాంపు పేపరు ఒక్కటే ఆ రుజువు కాదు.

అందువల్ల మీ పని జగిత్యాలలో మొదలుకావాలి, ముంబైలో కాదు. మొదటి భార్య అంగీకరిస్తే 13-బి సెక్షను కింద పరస్పర అంగీకారంతో విడాకులకు వెళ్లండి. ఏడాదికి పైగా విడిగా ఉండాలన్న షరతు మీకు ఎప్పుడో తీరింది. ఆరు నెలలు ఆగాలన్న నియమాన్ని తగిన పరిస్థితుల్లో కోర్టు సడలించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. డిక్రీ వచ్చాక దాని ధ్రువీకృత నకలు కోర్టు నకళ్ల విభాగం నుంచి తీసుకోండి, న్యాయవాది ఇచ్చే జిరాక్సు కాదు. అప్పీలు గడువు ముగిసిన తరువాత మీ ప్రస్తుత భార్యను మళ్లీ వివాహం చేసుకుని కొత్తగా రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, ఎందుకంటే తరువాత వచ్చిన డిక్రీ 2022 నాటి వివాహానికి వెనక్కి వెళ్లి ప్రాణం పోయదు. ఆ కొత్త వివాహ తేదీతో ఆమె కొత్త ఐ-130 వేయాలి. రెండేళ్ల నిరీక్షణ వృథా అయిందని మీకు అనిపిస్తుందని తెలుసు.

ఇప్పుడున్న ఇంటర్వ్యూకు వెళ్లాలా, పిటిషన్ ఉపసంహరించుకోవాలా అన్నది మీ భార్య అక్కడ ఒక ఇమిగ్రేషన్ న్యాయవాదితో మాట్లాడి తేల్చుకోవాలి. పిటిషన్‌లో మొదటి వివాహం ముగిసిన తేదీగా స్టాంపు పేపరు తేదీ రాసి ఉంటే ఆ సంగతి ఆయనకు ముందే చెప్పమనండి. మొదటి పెళ్లి సంగతే దాచిపెట్టి ‘అవివాహితుడు’ అని రాద్దామన్న ఆలోచన ఎవరైనా మీ చెవిన వేస్తే, పై జవాబులో చెప్పిన 212(ఎ)(6)(సి) నిబంధన మీకూ వర్తిస్తుందని గుర్తుంచుకోండి.

ప్రశ్న: మా అమ్మాయికి వచ్చే నెల ఇంటర్వ్యూ. మా అల్లుడు ఈమధ్యే ఉద్యోగం మారాడు, కొత్త కంపెనీలో మూడు పే స్టబ్‌లు (జీతం చీటీలు) మాత్రమే ఉన్నాయి. గడచిన ఏడాది ఆరు నెలలు ఖాళీగా ఉండటం వల్ల పన్ను రిటర్నులో ఆదాయం తక్కువ కనిపిస్తోంది. ఇది పెద్ద లోపమా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: సరిదిద్దుకోదగిన లోపమేనమ్మా. వచ్చేవారిని పోషించగలనని మీ అల్లుడు ఇచ్చే హామీ పత్రం ఐ-864లో అధికారి ముఖ్యంగా చూసేది ప్రస్తుత వార్షిక ఆదాయం. అది కుటుంబ సభ్యుల సంఖ్యను బట్టి అమెరికా ప్రభుత్వం ప్రకటించే పేదరిక ప్రమాణంలో 125 శాతానికి తగ్గకూడదు. ఇద్దరున్న కుటుంబానికి 2025లో అది ఏడాదికి 26,437 డాలర్లు. ఈ అంకె ఏటా మారుతుంది కాబట్టి ఇంటర్వ్యూ నాటి పట్టిక చూసుకోండి. హోదా, జీతం, చేరిన తేదీ తెలిపే ఉత్తరం కొత్త కంపెనీ నుంచి తీసుకోమనండి. పన్ను శాఖ వెబ్‌సైట్ నుంచి ఉచితంగా దొరికే టాక్స్ ట్రాన్స్‌క్రిప్ట్, ఇంటర్వ్యూకు ముందు వారం వరకు వచ్చిన పే స్టబ్‌లన్నీ అమ్మాయికి పంపమనండి. ఆరు నెలల ఖాళీ ఎందుకు వచ్చిందో నాలుగు వాక్యాల్లో రాసి సంతకం చేసి జోడిస్తే చాలు.

అయినా అనుమానంగా ఉంటే అమెరికాలో నివసించే పౌరుడుగాని గ్రీన్‌కార్డుదారుగాని అయిన బంధువు ఒకరు అల్లుడితోపాటు హామీ ఇచ్చే జాయింట్ స్పాన్సర్‌గా ఉండవచ్చు. ఆయన విడిగా తన ఐ-864, తన హోదా రుజువు, తన పన్ను పత్రాలు ఇవ్వాలి. సంతకం తప్పనిసరి, నోటరీ అక్కరలేదు. అయితే మన వాళ్లు మొహమాటానికి చేసే సంతకాల వంటిది కాదిది. మీ అమ్మాయి పౌరసత్వం తీసుకునే వరకో, సుమారు పదేళ్ల పనికి సమానమైన నలభై త్రైమాసికాలు ఆమె ఖాతాలో జమపడే వరకో ఆ బాధ్యత నడుస్తుంది, దంపతులు విడిపోయినా రద్దు కాదు. కాగితం ఆయన ముందు పెట్టేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పండి.